ముందుకు దొర్లండి మాస్టారూ!

డ్రైవింగ్ మాస్టారి ఓపిక సంగతి ఆ పేటలో తెలియనివాళ్ళు లేరు. నేర్చుకునేవాళ్ళు కారును చెత్తకుండీకి గుద్దినా, తిరగాల్సిన మలుపులో తిరగకుండా తిన్నగా వెళ్ళి పూలమొక్కల్లో దిగినా ఆయన గొంతు లేచేది కాదు. తన వైపున్న బ్రేకు మీద నెమ్మదిగా కాలు వేసి, "ఏం ఫర్వాలేదు. ఊపిరి పీల్చుకోండి. మళ్ళీ మొదలుపెడదాం," అనేవారు. ఏళ్ళ తరబడి అదే మాట, అదే గొంతు.

ఆ ఓపిక మీద బావమరిది కన్నుపడింది. అతనిది లిఫ్టులు బిగించే పని. కొన్నాళ్ళపాటు వేరే ఊళ్ళో పని తగిలితే, తన గది ఖాళీ చేసి సామానంతా అక్క ఇంట్లో దించాడు. దించినవాడు ఊరికే ఉండకుండా ఒక నల్లటి వీడియోగేమ్ పెట్టెను తీసి టీవీకి తగిలించాడు.

"బావా, నీ ఓపిక ఏపాటిదో ఇప్పుడు తేలిపోతుంది. ఈ ఆటలో ఒక కోట ఉంది. కోట తలుపు దగ్గర ఒకడు నిలబడి ఉంటాడు. వాణ్ణి దాటి లోపలికెళ్ళావంటే నీ కాళ్ళకు దండం పెడతా."

"నువ్వెళ్ళావా?"

"నేనా? కంట్రోలర్‌ని గోడకేసి కొట్టా. ఇది కొత్తది, జాగ్రత్త."

ఆదివారం భోజనం చేశాక, కాస్త చూసి వదిలేద్దామని మాస్టారు ఆట పెట్టారు. మంచు విడిపోయింది. తుప్పుపట్టిన కత్తితో ఒక మనిషి కొండ అంచున నిలబడి ఉన్నాడు. అతని ముందు కనుచూపు మేర నేల. అడవులు, సగం మునిగిన ఊరు, దాని అవతల సరస్సు, ఇంకా అవతల ఎండలో మెరుస్తున్న బురుజులు. ఎటు వెళ్ళమని చెప్పేవాడు లేడు. బాణం గుర్తు లేదు, బోర్డు లేదు. పొద్దస్తమానం ఎడమ, కుడి, ఇండికేటరు అని అరిగిపోయిన నోరు కదా, ఆయనకు ఒళ్ళు తేలికైపోయింది. దూరంగా ఏది కనిపించినా సరే, నడిచి అక్కడికి చేరవచ్చు. పొదల వెనక ఒక గుర్రం కూడా దొరికింది. దానికి పరిగెత్తడమూ రాదు, మెల్లగా నడవడమూ రాదు. మాస్టారు దానికి 'సెకండ్ గేరు' అని పేరు పెట్టుకున్నారు.

ఆయన భార్య ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. కుట్టుమిషను టీవీకి ఎదురుగానే ఉంటుంది. మొదట్లో ఓరకంట చూసేది. రెండో వారానికి మిషను ఆపి మరీ చూడసాగింది.

"అటు పోనివ్వండి, ఆ జలపాతం వెనక ఏదో నీలంగా మెరుస్తోంది."

"అక్కడేముంటుంది? నీళ్ళు."

"పోనివ్వండి అంటుంటే!"

వెళితే జలపాతం వెనక గుహ ఉంది. గుహ నిండా వెలిగే పుట్టగొడుగులు. వాటి నడుమ ఒక ముసలి శిల్పి కూర్చుని తన బొమ్మనే తాను చెక్కుకుంటున్నాడు. ఇది చూడమని ఆటలో ఎక్కడా రాసి లేదు. చూడకపోయినా ఆట సాగిపోయేది. ఎవరూ రారని తెలిసి కూడా ఇంత అందంగా చేసి పెట్టినవాళ్ళెవరో అని భార్యాభర్తలిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

అయితే ఆ ఆటకు పెంకితనమూ అంతే ఉంది. అక్షరాలు చీమ తలకాయంత. కష్టపడి పోగేసిన మిణుగురులు, అవే ఆ లోకంలో మనిషికి బలం, చచ్చిన చోటే రాలిపోతాయి. తిరిగి వెళ్ళి ఏరుకోవాలి. దారిలో మళ్ళీ చచ్చామా, ఇక అవి గాలికే. గోడకు ఆనుకుంటే చాలు, చూపు గిర్రున తిరిగి ఇటుకలు తప్ప ఏమీ కనబడవు. "అద్దం సర్దుకోవడం కూడా రానివాడికి ఎవడిచ్చాడయ్యా లైసెన్సు!" అని మాస్టారు విసుక్కునేవారు. అన్నిటికన్నా ఘోరం, మధ్యలో ఆపడమన్నది లేదు. ఫోను మోగిందని లేచి వెళ్ళి వచ్చేలోపు తోడేళ్ళు పని కానిచ్చేసేవి.

ఇవన్నీ ఆయన ఓర్చుకున్నారు. ఆ తరవాత కోట తలుపు దగ్గరికి చేరారు.

అక్కడ ఉన్నవాడు గంటల దొర. తాటిచెట్టంత మనిషి, ఒళ్ళంతా ఇనుము. చేతిలో గొలుసు, గొలుసు చివర ఇల్లంత గంట. దాన్ని ఈడ్చుకుంటూ వస్తాడు, ఎత్తుతాడు, వేస్తాడు. ఖంగుమంటుంది. అంతే. 'నువ్వు నేలపాలయ్యావు' అని ఎర్రటి అక్షరాలు. మళ్ళీ మొదటి నుంచి గుర్రమెక్కి పొడవాటి వంతెన దాటి రావాలి. వస్తే మళ్ళీ ఖంగు.

పొద్దున్నే పనికి వెళ్ళబోయే ముందు ఒక ఖంగు, సాయంత్రం బూట్లు విప్పకుండానే ఇంకో ఖంగు. ఒకరోజు, ఏళ్ళుగా ఎవరూ వినని గొంతు ఒకటి ఆ ఇంట్లోంచి బయటికొచ్చింది.

"ఒరే దొంగ వెధవా! ఊపిరి పీల్చుకోనివ్వరా! నా గుర్రాన్ని కూడా చంపేశావు కదరా!"

భార్య చేతిలోని కత్తెర కింద పడింది. కింది వాటాలో ఉండే చెప్పుల షాపాయన పరుగున వచ్చి తలుపు కొట్టాడు.

"ఏమైందమ్మా? మాస్టారేనా అరిచింది?"

"ఏం లేదన్నయ్యగారూ. మా ఆయన గుర్రం పోయింది."

పాపం, ఎంత వయసుండేదో ఏమిటో అని సానుభూతి చెప్పి, మెట్ల మీద ఆగి ఆగి కిందికి దిగిపోయాడు.

ఇంకొన్నాళ్ళకు మాస్టారికి దవడ నొప్పి పట్టుకుంది. నిద్ర లేచేసరికి నోరు తెరుచుకోవడం లేదు. రొట్టె ముక్క నమిలితే చెవి దాకా లాగేస్తోంది. భార్య ఇక ఊరుకోలేక ఆయన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

ఆ డాక్టరమ్మ మాస్టారి దగ్గరే డ్రైవింగు నేర్చుకుంటోంది. ఎంత మొండి దంతమైనా చెయ్యి వణకకుండా ఊడబెరుకుతుందని పేరు. అదే చెయ్యి స్టీరింగు మీద పడితే చాలు, గజగజ వణికిపోయేది. లైసెన్సు పరీక్ష ఇప్పటికే కొన్నిసార్లు తప్పింది. పోయినసారి పరీక్షాధికారి కారు ఎక్కి తలుపు వేసిన చప్పుడుకే ఉలిక్కిపడి హారను నొక్కేసింది.

కుర్చీ వెనక్కి వాల్చి, దీపం సర్ది, మాస్టారి నోట్లో చిన్న అద్దం పెట్టి చూసింది.

"మాస్టారూ, దవడ పళ్ళు బాగా అరిగాయి. నిద్రలో పళ్ళు కొరుకుతున్నారా?"

"ఆ... ఊ..." అన్నారు మాస్టారు, నోరు తెరిచే.

"కొరుకుతున్నారా అని మెల్లగా అడుగుతారేంటి డాక్టరుగారూ! పటపటమని పక్క గదిలోకి వినిపిస్తుంటే!" అంది భార్య. "అంతా ఆ గంటలవాడి మూలాన. టీవీలో వాడు కొడతాడు, నిద్రలో ఈయన కొరుకుతారు."

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కోట తలుపు దగ్గర... గొలుసుకి గంట కట్టుకుని ఉంటాడు. వాడేనా?"

మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. అడగాల్సినవి బోలెడున్నాయి, నోట్లో అద్దం ఉంది. డాక్టరమ్మ ముఖానికున్న మాస్కు కిందికి లాగి పకపకా నవ్వింది.

"ఆ ఆట నేను మొత్తం పూర్తిచేశాను మాస్టారూ. అయిపోయిందని దిగులేసి మళ్ళీ మొదట్నుంచి ఆడాను."

రాత్రి పళ్ళకు పెట్టుకోవడానికి మెత్తటి తొడుగు ఒకటి చేయించి ఇచ్చింది. అసలు మందు వేరే ఉందని, మర్నాడు డ్రైవింగు పాఠం కాగానే మాస్టారి వెంట ఇంటికే వచ్చేసింది. ఆవిడ సోఫా చివర కూర్చుంది, మాస్టారు కంట్రోలర్ పట్టుకున్నారు. ఖంగు.

"మాస్టారూ, మీరు వెనక్కెందుకు పోతున్నారు?"

"మీదికి అంత గంట వస్తుంటే వెనక్కి పోక?"

"వాడి గొలుసు పొడుగు కదా. వెనక్కి పోతే సరిగ్గా మీ నెత్తిమీదే పడుతుంది. ముందుకు దొర్లండి. వాడి కాళ్ళ దగ్గరికి. గంట మీ వెనక ఎక్కడో పడుతుంది."

వినడానికి బాగానే ఉంది. కానీ గంట పైకి లేచేసరికి మాస్టారి బొటనవేలు దానంతటదే వెనక్కి లాగుతుంది. ఎదురుగా ఏదొచ్చినా ఆగమనీ వెనక్కి తగ్గమనీ లోకానికంతా చెప్పిన మనిషి ఆయన. ఖంగు. మళ్ళీ ఖంగు.

"నేను ముందుకే నొక్కాను! ఇదే సరిగ్గా పనిచేయడం లేదు!"

"నొక్కలేదు మాస్టారూ."

"నొక్కానంటుంటే!"

"ఏం ఫర్వాలేదు," అంది డాక్టరమ్మ, ఎంతో శాంతంగా. "ఊపిరి పీల్చుకోండి. మళ్ళీ మొదలుపెడదాం."

మాస్టారు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వైపు తిరిగారు. ముఖం జేవురించింది.

"ఈ మాట నేనన్నప్పుడు మీకూ ఇలాగే ఒళ్ళు మండేదా?"

"ఇంతకన్నా ఎక్కువే మాస్టారూ. కారు దిగి నడిచి వెళ్ళిపోదామా అనిపించేది."

కుట్టుమిషను దగ్గర భార్య నవ్వి నవ్వి కుర్చీలో వెనక్కి పడిపోయింది. మాస్టారికి కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఆయన కూడా నవ్వసాగారు. దవడ నొప్పెట్టినా ఆపలేదు.

మర్నాటి పాఠంలో ఆ మాట ఆయన నోట రాలేదు. మలుపు దగ్గర సైకిలు కనబడగానే డాక్టరమ్మ బ్రేకు తొక్కేసింది. వెనక కారువాడు హారను కొట్టాడు. మాస్టారు ఆవిడ వైపు తిరిగి అడిగారు.

"అన్ని రాక్షసుల్ని పడగొట్టారు కదా, సైకిలుకి ఎందుకమ్మా అంత భయం?"

"అక్కడ చస్తే లేస్తాను మాస్టారూ. ఇక్కడ నన్నెవరు లేపుతారు? నేను గుద్దినవాణ్ణి ఎవరు లేపుతారు?"

ఇన్నాళ్ళూ ఈ మాట తను అడగనూ లేదు, ఆవిడ చెప్పనూ లేదు. మాస్టారు ఆలోచించుకుని నెమ్మదిగా అన్నారు.

"ఆ భయం మంచిదే, ఉంచుకోండి. కానీ ఒకటి చూడండి. ఇక్కడ మిమ్మల్ని చంపాలని గంట పట్టుకుని ఎవడూ నిలబడలేదు. ఆ సైకిలువాడు, వెనక హారను కొట్టేవాడు, ఆ లారీవాడు, అందరూ ఇంటికి చేరాలనే చూస్తున్నారు. మీరు దారివ్వడం మర్చిపోయినా వాళ్ళలో ఎవరో ఒకరు ఇస్తారు. మీరొక్కరే అంతా కాయక్కర్లేదు."

డాక్టరమ్మ సైకిలు వెళ్ళినవైపే చూసింది. భుజాలు కిందికి దిగాయి. బ్రేకు మీది నుంచి కాలు తీసి, అద్దంలో ఒకసారి చూసుకుని, మెత్తగా మలుపు తిప్పింది. ఆ రోజు మాస్టారి కాలికి పనే తగల్లేదు.

ఆ నెలాఖరున పరీక్ష అయింది. పరీక్షాధికారి కారు దిగి, "వెనక్కి తీసేటప్పుడు ఇంకాస్త చూసుకోండి. పాసయ్యారు," అన్నాడు. డాక్టరమ్మ కేక విని ఆవరణలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ తన కారు తానే నడుపుకుంటూ మాస్టారి ఇంటికొచ్చింది. కారును వంకరగా నిలిపినా ఎవరూ ఏమీ అనలేదు. భార్య మిషను మీద గుడ్డ కప్పేసి వచ్చి కూర్చుంది. మాస్టారు ఆట పెట్టి వంతెన దాటారు. దొర లేచాడు. గంట పైకి వెళ్ళింది.

"ఇప్పుడు!" అంది డాక్టరమ్మ.

మాస్టారు కళ్ళు సగం మూసుకుని ముందుకు నొక్కారు. మనిషి దొర్లి ఇనప కాళ్ళ మధ్యకు పోయాడు. గంట ఎక్కడో వెనక ఖంగుమంది. బతికే ఉన్నాడు!

"దాటాను! చూశారా, దాటాను!"

"మాటలొద్దు, కొట్టండి!"

కొట్టారు, దొర్లారు, మళ్ళీ కొట్టారు. దొర గొలుసు గిరగిరా తిప్పాడు. ఒక దెబ్బ తగిలి ప్రాణం సన్నటి దారమంత మిగిలింది. భార్య దిండును నోటికి అడ్డం పెట్టుకుంది. గంట మరోసారి లేచింది. ఈసారి ఎవరూ ఏమీ చెప్పలేదు. మాస్టారు కళ్ళు బాగా తెరిచి, ముందుకు దొర్లి, కత్తి ఎత్తి వేశారు. గంటల దొర మోకాళ్ళ మీద కూలి, ఇసుకలా రాలిపోయాడు.

మాస్టారు సోఫా ఎక్కి నిలబడ్డారు. డాక్టరమ్మ చప్పట్లు కొడుతూ గది అంతా తిరిగింది. భార్య దిండును పైకి విసిరింది.

కోట తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. లోపల గదులూ మేడలూ ఉంటాయనుకున్నారు. లేవు. ఇంకో లోకమే ఉంది. గులాబిరంగు ఆకాశం, వెండి గడ్డి, అంతులేని సముద్రం. మాస్టారు నెమ్మదిగా సోఫా దిగి కూర్చున్నారు.

"ఇది ఇంతుందా?"

"మీరు చూసింది సగం కూడా కాదు," అంది డాక్టరమ్మ.

భార్య చెయ్యి చాపింది. "ఇటివ్వండి."

"నీకు మీటలు తెలియవు కదా?"

"చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఇవ్వండి. నేను ఆ నీళ్ళ దగ్గరికి వెళ్తాను."

గుర్రం కుడికి పోయింది, ఎడమకు పోయింది, కాసేపు తన చుట్టూ తాను తిరిగింది, చివరికి ఎలాగో ఇసుకలో దిగింది. అలలు వచ్చి గిట్టలను తడిపాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఎంత బాగుందో చూడండీ," అంటుండగానే ఇసుక కదిలింది. గుడిసెంత పీత ఒకటి పైకి లేచి డెక్కలు విప్పింది.

"పీత! పీత!" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

"ముందుకు దొర్లు!" అన్నారు మాస్టారు.

"ఏది నొక్కాలండీ?" అని ఆవిడ అడిగేలోపే ఎర్రటి అక్షరాలు వచ్చేశాయి. ఆవిడ వాటిని ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివింది. కంట్రోలర్‌ని మాత్రం వదల్లేదు. పమిట చెంగు నడుముకు బిగించి, ముందుకు జరిగి కూర్చుంది.

"సరే, ఆ పీత సంగతి చూద్దాం. గుర్రం ఎక్కడుంటుందో చూపించండి."