ఎనిమిది గంటల గీత

ఆసుపత్రి లాండ్రీ గేటుకు సోమవారం ఉదయం అంటించిన పోస్టరులో రెండు జతల చేతులున్నాయి. ఎడమవైపు చేతులు పగిలి, వేళ్ళ సందుల్లో పచ్చిగా ఎర్రబడి ఉన్నాయి. కుడివైపువి నున్నగా ఉన్నాయి. రెండు జతలూ ఒకే మనిషివి. పైన పెద్ద అక్షరాలతో "పరిశోధన – ప్రజాజీవితం: విశ్వవిద్యాలయ వారోత్సవాలు" అనీ, కింద కొంచెం చిన్నగా "స్మార్ట్ గ్లౌజులు: శ్రామిక మహిళకు రక్ష" అనీ ఉంది. ఆ చేతులు ఎవరివో మాత్రం రాయలేదు. అవి ఆవిరక్కవి. పద్నాలుగేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిరి రోలరు ముందు నిలబడి దానికి తడి దుప్పట్లు అందిస్తున్నందువల్ల లాండ్రీలో ఆమెకు ఆ పేరు స్థిరపడింది.

పోస్టరు పక్కన సూపర్‌వైజర్ సంతకంతో నోటీసు ఉంది. శుక్రవారం విశ్వవిద్యాలయంతో ఒప్పందం జరుగుతుంది. వచ్చే సోమవారం నుంచి ప్రతి ఒక్కరూ డ్యూటీ ఎనిమిది గంటలూ గ్లౌజులు ధరించాలి. గంటలను గ్లౌజే లెక్కపెడుతుంది. మూడుసార్లు తక్కువ వస్తే పనిలోంచి తొలగిస్తారు.

ఆవిరక్క నోటీసును రెండుసార్లు చదివింది. తన చేతులు గ్లౌజుల వల్ల బాగుపడలేదని ఆమెకు తెలుసు. ఆమె గదిలో పనిచేసే మరో ఆరుగురికీ తెలుసు. వాళ్ళ నోళ్ళు మూయించినది తానేనన్న సంగతి కూడా ఆమె మరిచిపోలేదు.

దీనికి మూలం ఆర్నెల్ల కిందటిది. ఆమె అన్న కూతురు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. గ్లౌజులను పరీక్షించడానికి ఒక పనిచోటు కావలసివచ్చింది. మేనత్త పనిచేసే చోటయితే అనుమతి సులభమని ఇక్కడికి తెచ్చింది. మొదటి రోజుకు ముందు అన్న ఫోన్ చేసి, "చెల్లీ, పిల్లకిది మొదటి పని. దానికి మాట రానివ్వకు," అన్నాడు. ఆ ఒక్క మాట తరువాత జరిగినదానికంతటికీ పునాది అయింది.

పన్నెండు మందికి గ్లౌజులిచ్చారు. మణికట్టు దగ్గర, లోపలివైపు, చొక్కా గుండీ అంత పరికరం ఉంటుంది. వెచ్చదనం తగిలినంతసేపు అది కాలాన్ని లెక్కపెడుతుంది. వీటితో పాటు పన్నెండు మందికీ ఒక మందు ట్యూబు ఇచ్చి, రోజుకు మూడుసార్లు రాసుకోమన్నారు. మధ్యాహ్నం మూడింటికి మేనకోడలు వచ్చి, పరికరాల్లోని అంకెలు తీసుకుని, "అందరూ వేసుకున్నారు కదా?" అని అడిగి, సంతకాలు పెట్టించుకునేది.

మొదటి రోజు రెండు గంటలు గడవకముందే గ్లౌజుల నిండా చెమట పట్టింది. పగిలిన చర్మం ఆ చెమటలో నానింది. రోలరు గదిలో గోడ వెంబడి బాయిలరుకు తిరిగివెళ్ళే నీటి పైపు ఒకటుంది. దానికి పాత కంబళ్ళు చుట్టి ఉండటం వల్ల అది కాలదు. జ్వరం దిగుతున్న పిల్లల నుదురంత వెచ్చగా ఉంటుంది. ఆ గదిలో తడిసినదేదైనా పైపు మీదికే చేరుతుంది: తువ్వాలు, మేజోళ్ళు, వానకు తడిసిన గొడుగు. గ్లౌజులూ ఆరడానికి అక్కడికే చేరాయి. మరునాటి నుంచి ఉదయం ఏడింటికి ఎక్కి, మూడింటికి పది నిమిషాల ముందు దిగి చేతులకు ఎక్కేవి, సంతకాలయ్యాక మళ్ళీ పైపు మీదికే వెళ్ళేవి. డ్యూటీ ముగిశాక బాయిలరు ఆపేస్తారు గనుక పైపు చల్లబడేది, పరికరం లెక్క ఆపేది. లెక్క ప్రతిరోజూ సరిగ్గా ఎనిమిది గంటలు వచ్చేది. మేనకోడలికి మాట రాకూడదని, ఈ సంగతి బయట అనవద్దని ఆవిరక్కే మిగతా ఆరుగురికీ చెప్పింది.

గోడకు అవతల, బట్టలు నానబెట్టే గదిలో అయిదుగురున్నారు. ఆ గదిలో పైపు లేదు. వాళ్ళు గ్లౌజులు వేసుకున్నారు, ఓర్వలేనప్పుడు తీశారు, సూపర్‌వైజర్ అరిస్తే మళ్ళీ వేసుకున్నారు. వాళ్ళ లెక్క మూడు, నాలుగు గంటలు దాటలేదు. మందు చెమటలో కొట్టుకుపోవడంతో చేతులు మానలేదు.

ఆర్నెల్ల తరువాత అంకెలు స్పష్టంగా కనిపించాయి. ఎనిమిది గంటలు "ధరించిన" ఏడుగురికి చేతులు బాగుపడ్డాయి, తక్కువ ధరించిన అయిదుగురికి బాగుపడలేదు. ఎంత ఎక్కువ ధరిస్తే అంత త్వరగా నయమవుతుందని మేనకోడలి పరిశోధనను నడిపే ప్రొఫెసర్ తీర్మానించాడు. కూడికలో, భాగహారంలో తప్పు లేదు. ఆ ఏడుగురూ ఒకే గదివాళ్ళనీ, ఈ అయిదుగురూ మరొక గదివాళ్ళనీ ఎవరూ గమనించకపోవడంలో తప్పుంది. నివేదికలో ఆ అయిదుగురికి "నియమం పాటించనివారు" అని పేరు పెట్టారు. సూపర్‌వైజర్ ఆ మాటను అందరి ముందూ చదివి, వాళ్ళలో పెద్దదైన తొట్టి పిన్నితో, "బద్ధకానికి పోటీ పెడితే కప్పు నీకే," అన్నాడు. ఆవిరక్క ఆ రోజు అక్కడే ఉంది. తల వంచుకుని దుప్పటి సర్దుకుంది.

మంగళవారం సాయంత్రం మేనకోడలు ఒక కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది.

"అత్తా, శుక్రవారం స్టేజీ మీద నువ్వు మాట్లాడాలి. నాలుగే వాక్యాలు. 'ఈ గ్లౌజులు నా జీవితాన్ని మార్చేశాయి' అని మొదలుపెట్టు."

"మార్చింది గ్లౌజులు కాదే. నువ్విచ్చిన మందు."

"మందు అందరికీ ఇచ్చాం. అందరికీ తగ్గలేదుగా?"

"అందరి గదిలోనూ పైపు లేదుగా."

మేనకోడలికి అర్థం కాలేదు. ఆవిరక్క వివరంగా చెప్పింది. పిల్ల మొదట నవ్వింది, తరువాత కూర్చుంది, ఆ తరువాత లేచి నిలబడింది.

"రోజూ అడిగాను! రోజూ నా మొహం మీదే వేసుకున్నామన్నావు!"

"నువ్వడిగిన తీరు అలాంటిది. 'వేసుకున్నారు కదా' అని నువ్వంటే, పక్కన సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడితే, లేదని ఎవరంటారు? అయినా అంత చదువుకున్నదానివి, ఏడింటి నుంచి మూడింటి దాకా నీ కంప్యూటర్లో గీత తెగకుండా ఉంటే నీకు అనుమానం రాలేదా? మేం తినమా? బాత్రూంకి పోమా? మమ్మల్ని మనుషులనుకున్నావా, బట్టలారేసే కొయ్యలనుకున్నావా?"

"సారు దాన్ని క్రమశిక్షణ అన్నారు."

"మీ సారుని ఎనిమిది గంటలు ఉగ్గబట్టుకుని కూర్చోమను. క్రమశిక్షణంటే ఏంటో తెలుస్తుంది."

"వెటకారం చెయ్యకు! మూడేళ్ళ పని అత్తా ఇది. నాన్నకి చెప్తాను."

"చెప్పు. మాట రానివ్వకన్నది అన్నయ్యే. సోమవారం నుంచి ఆ రబ్బరులో నానబోయేది మీ నాన్న చేతులు కావు, నీవీ కావు. నువ్వే వెళ్ళి మీ సారుకి చెప్పు. నా నోటితో చెప్పించకు."

మేనకోడలు కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "సంతకాలు మీవి. తప్పుడు సంతకాలని తేలితే ఉద్యోగాలు పోయేది మీకు, నాకు కాదు. కాగితంలో ఉన్నది చదువు," అని, చెప్పులు తొడుక్కునే ఓపిక కూడా లేక, చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

అయితే బుధవారం మధ్యాహ్నం ఆమె రోలరు గదికి వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. ఒక గ్లౌజును పైపు మీద వేసి, ఇరవై నిమిషాలు దాని పక్కనే నిలబడి, ఉష్ణోగ్రత చూసుకుని, పుస్తకంలో రాసుకుని వెళ్ళింది. చూసినదాన్ని చెప్పకుండా ఉండదని ఆవిరక్క అనుకుంది. గురువారం ఉదయం ఫోనుకు మేనకోడలి సందేశం వచ్చింది: "రేపు పదకొండింటికి. కాగితం మర్చిపోకు."

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిరక్క నానబెట్టే గదిలోకి వెళ్ళింది. తొట్టి పిన్ని మందు రాసుకుంటోంది. ఆమె చూపుడువేలు మడత దగ్గర చీలి ఉంది. ఆవిరక్క నిలబడే అంతా చెప్పింది.

పిన్ని ట్యూబుకు మూత పెట్టింది. "అంటే ఆర్నెల్లూ నీ గ్లౌజులు గోడ మీద సేదతీరుతున్నాయి."

"అవును పిన్నీ."

"వాడు నన్ను బద్ధకస్తురాలన్న రోజు నువ్వున్నావా లేదా?"

"ఉన్నాను."

"విన్నావా లేదా?"

"విన్నాను."

"విని?"

ఆవిరక్క పక్కనున్న తడి దుప్పటిని సర్దింది.

"నీ మేనకోడలికి మాట రాకూడదు. నాకు మాత్రం పడొచ్చు. బాగుందమ్మా నీ న్యాయం! మీ ఇంటి పిల్లకి గొడుగు పట్టడానికి మా నెత్తి మీది కప్పు పీకావు. ఇప్పుడెందుకొచ్చావు, క్షమాపణకా? నా వేలు చూడు, అది చెప్తుంది క్షమించాలో లేదో."

"రేపు చెప్పేస్తాను."

"చెప్పవు. నీకు ఆ అలవాటు లేదు."

శుక్రవారం విశ్వవిద్యాలయం హాలు నిండింది. వారమంతా ఒక్కొక్క విభాగం తన పరిశోధన ఎవరికి ఏ మేలు చేసిందో చెప్పుకుంది. చివరిది ఈ గ్లౌజులది. ముందు వరుసలో ఆసుపత్రి సూపరింటెండెంట్ కూర్చుని ఉంది. ఆమె పక్కన ఒప్పంద పత్రం ఒడిలో పెట్టుకుని సూపర్‌వైజర్ ఉన్నాడు. వేదిక పక్క కంప్యూటర్ దగ్గర మేనకోడలు ఉంది. ప్రొఫెసర్ ఆవిరక్కను పిలిచి, అడగకుండానే ఆమె చెయ్యి పట్టుకుని, సంతలో పశువు పళ్ళు చూపినట్టు ఎత్తి చూపాడు.

"ఈ తల్లి చేతులు చూడండి! వెనక తెర మీద ఉన్నది ఈమె గీతే. ఉదయం ఏడు నుంచి మూడు దాకా, ఆర్నెల్ల పాటు, ఒక్క రోజు తప్పకుండా. చెప్పండమ్మా, మీ అనుభవం."

ఆవిరక్క చెయ్యి విడిపించుకుంది. కాగితం తెచ్చుకుంది గానీ విప్పలేదు.

"సార్, ఈ గీతలో నేనెప్పుడు తిన్నానో చూపించండి."

"ఏమన్నారు?"

"పన్నెండున్నరకి తింటాను సార్. పన్నెండున్నర దగ్గర గీత తెగలేదు. గ్లౌజు తొడుక్కునే తిన్నానంటారా?"

వెనక వరుసల్లో నవ్వు లేచింది. ప్రొఫెసర్ కూడా నవ్వాడు. "కొంచెం కంగారుపడుతున్నారు. స్టేజీ కొత్త కదా."

"కంగారు నాకు లేదు సార్. గ్లౌజులు పైపు మీదున్నాయి. తిన్నది నేను."

సూపర్‌వైజర్ లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఇది అబద్ధం! పని ఎగ్గొట్టేవాళ్ళు ఎవరో ఈవిడకి నూరిపోశారు!"

"కూర్చోండి," అంది సూపరింటెండెంట్. ఆమె తెరను చూస్తూ ఉంది. "ఏడుగురి గీతలూ ఇలాగే ఉన్నాయా?"

"అది వారి అంకితభావం, మేడమ్," అన్నాడు ప్రొఫెసర్.

"అంకితభావంతో కడుపు నిండదు కదండీ." ఆమె మేనకోడలి వైపు తిరిగింది. "అంకెలు తీసింది మీరేనా? పైపు మాట నిజమేనా?"

మేనకోడలు మొదట ప్రొఫెసర్‌ను, తరువాత అత్తను చూసింది. "పైపు మీద ముప్పై మూడు డిగ్రీలు ఉంది మేడమ్. చెయ్యో పైపో పరికరానికి తెలియదు. బుధవారం నేనే కొలిచాను."

"బుధవారం," అంది సూపరింటెండెంట్. "ఇవాళ శుక్రవారం."

ఆమె ఒప్పంద పత్రాన్ని సూపర్‌వైజర్ ఒడిలోంచి తీసుకుని, మడిచి, తన సంచిలో పెట్టుకుంది. గ్లౌజులు లేకుండా మందు మాత్రమే పన్నెండు మందికీ మూడు నెలలు ఇచ్చి చూడమనీ, అందాకా నోటీసు తీసేయమనీ చెప్పి లేచింది.

బయట వరండాలో మేనకోడలు అత్తను ఆపింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"మొదటి రోజే చెప్పుంటే నేను పరికరం మార్చేదాన్ని. ఇంతదాకా వచ్చేదే కాదు."

"మొదటి రోజు ఒక్క పూట మా పక్కన నిలబడుంటే, నేను చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు."

రెండు మాటల్లోనూ నిజముంది. అందువల్ల ఏ ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. చెరో మెట్ల దారిన దిగిపోయారు. ముగింపు సభలో ప్రొఫెసర్ ఈ పొరపాటుకు "ఒక విద్యార్థిని క్షేత్రస్థాయి నిర్లక్ష్యం" కారణమని చెప్పాడట. ఆ రాత్రి అన్న ఫోన్ చేసి, "నీ చేతులు పట్టుకుని నడక నేర్చుకున్న పిల్లని నడిబజార్లో నిలబెట్టావు," అని, జవాబు వినకుండా పెట్టేశాడు.

సోమవారం గేటు మీద నోటీసు లేదు. పన్నెండు మందీ ఒట్టి చేతులతో లోపలికి వెళ్ళారు. తప్పుడు సంతకాలకు ఏడుగురికీ మెమోలు వచ్చాయి. రోలరు గదిలో ఆరుగురు ఆవిరక్కతో మాట్లాడటం మానేశారు. ఆ అవస్థ కూడా ఆమెకు ఎంతోసేపు లేదు, ఎందుకంటే పది గంటలకు సూపర్‌వైజర్ వచ్చి, "నీకు నిజాలంటే ఇష్టం కదా, అవతలి గదిలో బోలెడున్నాయి," అని ఆమెను నానబెట్టే గదికి మార్చాడు.

అక్కడ నలుగురు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. తొట్టి పిన్ని గడ్డంతో మూలనున్న ఖాళీ తొట్టిని చూపించింది. ఆవిరక్క దాని దగ్గరికి వెళ్ళి జాకెట్ చేతులు పైకి మడుచుకుంది.

"పిన్నీ, ఒక్క మాట..."

"మాట్లాడ్డానికి నీకు ఆర్నెల్లు దొరికాయి," అంది పిన్ని. "ఇప్పుడు నీళ్ళు పట్టు."

ఆవిరక్క కుళాయి తిప్పింది.