తిరగబడిన పొర

జంపక్క రిపోర్టును కౌంటర్ మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆమెది చర్ల అవతలి ఊరు. ఆటోలో భద్రాచలం దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి కొత్తగూడెంలో దిగింది. నెల కిందట ఆమె రొమ్ములో గడ్డ తీశారు. ఆ గడ్డను పరీక్షించింది ఈ ల్యాబే.

"గోలీలు నాకు పనిచెయ్యవన్నరు. హైదరాబాద్ పోయి నెలల కొద్ది సూదులు ఏయించుకోవాల్నంట. నా ఆడబిడ్డకు గిదే రోగమొస్తే గోలీలతోనే తిరుగుతున్నది. ఇంకోసారి చూడు బిడ్డా."

కౌంటర్‌లో ఉన్న చాంది టెక్నీషియన్. జూలూరుపాడు దగ్గరి తండాలో పుట్టి, ఖమ్మంలో ల్యాబ్ కోర్సు చదివి, నాలుగేళ్లుగా ఇక్కడ పనిచేస్తోంది. ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి ఉండదని చెప్పబోయింది. కానీ జంపక్క చెయ్యి కాగితం మీది నుంచి లేవలేదు.

"కూసో అక్కా, చూస్తా" అంది.

గడ్డలోంచి వెంట్రుక కన్నా పలుచని పొరలు రెండు కోసి గాజు స్లైడ్ల మీద పెడతారు. ఒకదానికి గులాబీ రంగు వేస్తే కణాల ఆకారం తెలుస్తుంది. రెండోదానికి వేసే మందుతో, గోలీలకు లొంగే కణాలు గోధుమరంగుకు తిరుగుతాయి. రెండు స్లైడ్లనూ స్కానర్ చాలా పెద్ద బొమ్మలుగా తీస్తుంది. హైదరాబాద్‌లో కూర్చున్న డాక్టర్ నిర్మలాదేవి గులాబీ బొమ్మ మీద క్యాన్సర్ ఉన్నచోటు చుట్టూ గీత గీస్తుంది. కంప్యూటర్ రెండు బొమ్మల్నీ ఒకదాని మీద ఒకటి కూర్చి, ఆ గీతను గోధుమ బొమ్మ మీదికి తెచ్చి, లోపలున్న గోధుమరంగు కణాలను లెక్కపెడుతుంది. జంపక్క రిపోర్టులో ఆ లెక్క సున్నా.

చాంది రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. గులాబీ ముక్కకు ఎడమ అంచున నొక్కు ఉంది. గోధుమ ముక్కకు అదే నొక్కు కుడివైపు ఉంది.

పొర తిరగబడింది. నీళ్ల మీద తేలే పొరను గాజు మీదికి ఎత్తేటప్పుడు అరుదుగా అలా జరుగుతుంది. ఎత్తింది తనే. స్లైడ్ అంచున తన పొడి అక్షరాలున్నాయి. తిరగబడినా, కంటితో చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కంప్యూటర్ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, అంచులు సాగదీసి, సరిపోయిందని పచ్చగుర్తు పెట్టేసింది. గీత వెళ్లి కొవ్వు మీద పడింది. సున్నా అని లెక్క తేలింది కొవ్వులో.

చాంది లేచి మేనేజర్ ఉదయ్ భాస్కర్ గదిలోకి నడిచింది. సత్తుపల్లి మనిషి, కంప్యూటర్ల పనంతా ఆయనే చూస్తాడు. రెండు నెలల కిందట జల్దీగా అయిపోవాలని, బొమ్మల్ని బాగా చిన్నవి చేసి పైపైన కూర్చే పద్ధతి పెట్టిందీ ఆయనే.

"రిపోర్టు ఎప్పుడో వెళ్లిపోయింది చాందీ. సంతకం డాక్టరమ్మది. మనం బొమ్మలు పంపామంతే" అన్నాడాయన.

"బొమ్మలు కావు సార్, మనుషులు. గామె సున్నా అన్న కాగితం పట్టుకుని తిరుగుతున్నది."

"ఫుల్ సైజులో కూర్చుకుంటా పోతే రోజుకు నాలుగు కేసులవుతాయి. నలభై ఎట్టా పంపుతాం?"

"ఖాళీ గాజును ఎందుకు కూర్చాలె? ముక్క ఉన్నకాడ కూర్చితే చాలదా? చూపిస్తా రండి."

ఆయన లేవలేదు. చాంది తలుపు వేయకుండానే వెనక్కి వచ్చింది.

ముందు చిన్న బొమ్మలు తీసుకుంది. గోధుమ బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి, నొక్కు మీద నొక్కు పడేలా మోటుగా కూర్చింది. తర్వాత ఖాళీ గాజంతా వదిలేసి, డాక్టర్ గీసిన గీత చుట్టూ ఉన్న మేరను చదరాలుగా విడదీసి, వాటిని మాత్రమే పూర్తి సైజులో తెరిచి సరిచేసింది. రెండుసార్లు బొమ్మ పక్కకు జారితే మళ్లీ మొదలుపెట్టింది. అయినా పావుగంట పట్టలేదు. ఈసారి గీత లోపల నూటికి ఎనభై కణాలు గోధుమరంగులో ఉన్నాయి.

ఆమె నేరుగా నిర్మలాదేవికి ఫోన్ చేసింది.

"టెక్నీషియన్‌వి, నా రిపోర్టు తప్పంటావా?" అంది డాక్టర్.

"అవ్ మేడం. బొమ్మ తెరిచి చూసి తిట్టండి."

అవతల మౌస్ నొక్కుతున్న చప్పుడు వినిపించింది. చివరికి వినిపించిన గొంతు చిన్నదైపోయింది. "నేను గోధుమ బొమ్మ తెరవలేదు. అంకె చూసి సంతకం పెట్టాను."

గంటలో కొత్త రిపోర్టు వచ్చింది. చాంది దాన్ని జంపక్కకు ఇచ్చి జరిగింది చెప్పింది. పొర తిరగబడింది తన చేతిలోనే అనీ చెప్పింది.

జంపక్క మొహంలో సంతోషమేమీ కనబడలేదు. "నువ్వు చెప్పినవ్, మంచిదే. కంప్యూటర్‌కు గట్ల పని చెప్పినాయన ఎవరు? పిలువు."

ఉదయ్ భాస్కర్ బయటికి వచ్చి, "సాంకేతిక లోపమమ్మా" అన్నాడు.

"లోపం నాకెందుకు సారూ? సావు దగ్గరికొచ్చిందని పదిహేను దినాలు అన్నం తినలే. తప్పయిందని నోటితోని చెప్పు."

వెయిటింగ్ హాలంతా చూస్తోంది. ఆయన నేల చూసి, "తప్పయిందమ్మా" అన్నాడు.

ఆమె రిపోర్టు మడిచి రవికెలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రెండు నెలల కేసులన్నీ మళ్లీ కూర్చుతానని చాంది పట్టుబట్టింది. అంత అవసరం లేదన్నాడు ఉదయ్ భాస్కర్. అన్నీ చూసేదాకా ఈ ల్యాబ్ రిపోర్టు ఒక్కదాని మీదా సంతకం పెట్టనని నిర్మలాదేవి మెయిల్ పంపాక ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల్లో ఇంకో తప్పు దొరికింది. ఎర్రుపాలెం సైదమ్మది. గోలీలు పనిచేసేవే అయినా ఆమెకు మొదలుపెట్టనే లేదు. అప్పటికే రెండు సూదులు పడ్డాయి, జుట్టంతా ఊడిపోయింది.

ఫోన్‌లో చెప్పే మాట కాదని చాంది బస్సెక్కి వెళ్లింది. సైదమ్మ గడపలో కూర్చుని అంతా విన్నది. తలకు కట్టిన తువ్వాలు విప్పి, ఎదుట కూర్చున్న చాంది ఒళ్లోకి విసిరింది.

"చూడు" అంది.

చాంది తల వంచుకోలేదు. చూసింది.