నేను సంతకం పెట్టిన నాలుగు కాగితాలు

అక్షరాలు నాకు అరవై దగ్గర పడ్డాక వచ్చాయి. ఇందులో ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోయి ఉంటే మన్నించండి. నా చెయ్యి నిదానం. ఈ కాస్త రాయటానికి పదిహేను రోజులు పట్టింది.

మాది మిరప, పత్తి పండే ఊరు. మా ఆయన పోయాక కౌలు పొలం వదిలేసి కూలికి పోయేదాన్ని. మా పక్కిల్లు అమీర్‌బీది. ఆమె కోడలు నస్రత్ ఇంటర్ చదివింది. వేసవిలో మిరపకాయల బస్తాలు ఇంటికి తెచ్చుకుని, వాళ్ల వరండాలో కూర్చుని ఇద్దరం తొడిమలు తీసేవాళ్లం. ఆ పని చేస్తూనే ఆ పిల్ల నాకు అక్షరాలు నేర్పింది.

"కళ్లు నులుముకోకండి పిన్నిగారూ! గుణింతం రాక ఏడుస్తున్నారనుకుంటారు ఎవరన్నా చూస్తే" అని నవ్వేది.

నస్రత్ భర్త మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే పనికి పోతాడు. దసరా అయ్యాక అత్తమామలతో సహా నలుగురూ అక్కడికెళ్లి గది అద్దెకు తీసుకుని ఉంటారు. ఉగాదికి ఇల్లు చేరతారు. ఏ ఎన్నికలైనా ఓటు మాత్రం మా ఊళ్లోనే వేస్తారు.

మా నియోజకవర్గం ఒకసారి ఒకరిది, ఇంకోసారి ఇంకొకరిది. పోయినసారి తేడా రెండు వందల చిల్లర ఓట్లు. అందుకే మా మరిది కొడుకు కోటేష్ దగ్గరున్న లిస్టులో ప్రతి పేరు పక్కనా ఒక గుర్తు ఉంటుంది. తనవాళ్లకి టిక్కు, అవతలివాళ్లకి ఇంటూ, తెలియనివాళ్లకి సున్నా. వాడు మా బూత్‌లో పార్టీ మనిషి. నాకు వితంతు పింఛను వచ్చేలా తిరిగింది కూడా వాడే.

కార్తీకమాసంలో ఒక పొద్దున ఇద్దరిని వెంటేసుకుని వచ్చాడు.

"పెద్దమ్మా, చదువుకున్నదానివయ్యావంటగా! కలెక్టరమ్మవే. ఇక్కడో నాలుగు సంతకాలు పడెయ్."

"ఏంట్రా ఇవి?"

"ఓటర్ల లిస్టు సరిచేసే కాయితాలు. చచ్చిపోయినోళ్లయ్యీ, ఊళ్లో లేనోళ్లయ్యీ ఎన్నాళ్లుంచుతారు?"

"ఆగు, చదవనీ."

"చదువు, చదువు. నువ్వు చదివేలోపు ఎలక్షన్ అయిపోద్ది. నేను ఇంకా ముప్పై ఇళ్లు తిరగాల."

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. నాకు సిగ్గేసింది. వేలిముద్ర వేసే రోజుల్లో, అది ఏం కాగితమో ఎవరిచేతైనా చదివించుకోనిదే వేలు ముందుకు పెట్టేదాన్ని కాదు. సంతకం వచ్చినదాన్ని, మళ్లీ ఒకళ్లని అడగటం ఏమిటనిపించింది. నాలుగింటి మీదా కొల్లి వెంకటేశ్వరమ్మ అని పేరు పూర్తిగా రాశాను. ఇంకేమైనా ఉన్నాయా అని కూడా అడిగాను.

"చాల్లే పెద్దమ్మా. ఒకళ్ల పేరు మీదే ఐదు దాటితే పైవాళ్లు ఆరా తీస్తారు" అన్నాడు.

ఆ మాట విన్నాకన్నా నాకు అనుమానం రాలేదు.

నెల తర్వాత ఓటర్ల లిస్టు చూసే ఉద్యోగి రాగసుధ వచ్చింది. "ఈ ఇంటికి ఎప్పట్నుంచండీ తాళం?" అని నన్ను అడిగింది.

"దసరా వెళ్లిందగ్గర్నుంచి."

"ఎక్కడికెళ్లారు?"

"మార్టూరు."

రాసుకుంది. మళ్లీ వస్తారా అని ఆమె అడగలేదు, వస్తారని నేనూ అనలేదు. తలుపు మీద ఒక నోటీసు అంటించి వెళ్లింది. వారం రోజులకి అది ఎండి ఊడి వాకిట్లో పడింది. వాళ్ల వాకిలి కూడా నేనే ఊడ్చేదాన్ని. ఆకులతో పాటు దాన్నీ ఊడ్చేశాను.

ఉగాదికి వాళ్లు వచ్చారు. నాలుగు రోజుల తర్వాత నస్రత్ తాసిల్దారు ఆఫీసు నుంచి ఒక జిరాక్స్ కాగితం పట్టుకుని వచ్చింది.

"ఈ సంతకం మీదేనా పిన్నిగారూ?"

"నాదే."

"మేం ఊరొదిలేసి శాశ్వతంగా వెళ్లిపోయామని ఇందులో ఉంది. ఇలాంటివి మనిషికొకటి, నాలుగున్నాయి. మా నలుగురి ఓట్లూ తీసేశారు."

"నాకు తెలియదే, నస్రత్."

"చదవటం నేర్పాను కదండీ" అంది. గట్టిగా అనలేదు.

కొత్తగా దరఖాస్తులు పెట్టుకున్నారు. పేర్లు చేర్చటానికి ఇంకా కొద్ది రోజులే గడువుంది. ఊళ్లో లేరని పక్కింటామే రాసిచ్చింది కదా అని ఆఫీసులో సందేహపడుతున్నారు. అది తప్పని నేను వచ్చి రాసిస్తే పని తొందరగా అవుతుందన్నారట. రేపు వస్తానని మాటిచ్చాను.

సాయంత్రానికి కోటేష్ వచ్చాడు.

"కాయితం మీద నా పేరుందా, నీదుందా? అబద్ధం రాసిచ్చినందుకు ఏడాది జైలు. పో, పోయి రాసిరా. పింఛను సంగతి కూడా చూసుకుందాం."

మర్నాడు తలుపు గడియ పెట్టుకున్నాను. నస్రత్ వచ్చి పిలిస్తే జ్వరమని లోపల్నుంచే చెప్పాను. ఆ మర్నాడూ వచ్చింది. ఆ రోజు నేనసలు పలకలేదు. ఆ పిల్ల కాసేపు నిలబడి వెళ్లిపోవటం కిటికీలోంచి చూశాను.

ఐదో రోజున బస్సెక్కి తాసిల్దారు ఆఫీసుకెళ్లాను. ఏం జరిగిందో అక్కడే కూర్చుని, కోటేష్ పేరుతో సహా, ఒక పేజీ రాసిచ్చాను. ఆఫీసరు చదివి తలెత్తాడు.

"ఇది నాలుగు రోజుల ముందు ఇచ్చుంటే మనిషిని పంపి విచారణ చేయించేవాణ్ణి. గడువు ఇవాళ్టితో సరి. ఇప్పుడు ఎలా కుదురుతుందమ్మా?"

నేను లేవబోయాను.

"కూర్చో. నువ్వు రాసిచ్చాక దీన్ని వదిలేయటానికి లేదు. నీ మీద కేసు పెట్టాలి" అన్నాడు.

ఓటింగ్ రోజున అమీర్‌బీ పాత కార్డు తీసుకుని బడికి వచ్చింది. వద్దని నస్రత్ చెప్పినా వినలేదట. నేను లైన్లో ఆమెకు పదిమంది వెనక ఉన్నాను.

"లిస్టులో లేదమ్మా" అన్నాడు లోపలి మనిషి.

"కార్డుంది కదా బాబూ. మొహం చూడు, నేనే."

"కార్డు ఉంటే చాలదు, పేరుండాలి."

"నలభై ఏళ్ల నుంచీ ఈ బళ్లోనే వేస్తన్నా. పంతుళ్లు మారారు, రేకులు పోయి స్లాబొచ్చింది. నేను యాడికీ పోలా."

లైన్లో ఎవరో నవ్వారు. ఆమె బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. లైను కదిలి నేను ఆమె పక్కనుంచే లోపలికి వెళ్లాను. నా పేరు లిస్టులో ఉంది. ఓటు వేశాను.

మా బూత్‌లో కోటేష్ పార్టీకి యాభై ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ నాలుగు ఓట్లు ఉన్నా వాళ్లే ముందుండేవాళ్లు.

పోలీసులు అడిగితే కోటేష్, "ఆమె చదువుకున్న మనిషండీ. ఏం రాసుకుందో నాకెట్టా తెలుస్తది?" అన్నాడు. కేసు నా ఒక్కదాని మీదే ఉంది. ఇప్పటికి మూడు వాయిదాలకు వెళ్లాను.

ఆ శ్రావణంలో అమీర్‌బీ వాళ్లు ఇల్లు అమ్మేశారు. ఓట్లు మార్టూరులో రాయించుకున్నారు. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే సాయం పడదామని వెళ్లి గిన్నెల మూట పట్టుకున్నాను. నస్రత్ దాన్ని నా చేతుల్లోంచి మెల్లిగా తీసుకుంది.

"మీకెందుకు శ్రమ, వెంకటేశ్వరమ్మగారూ" అంది.

కొల్లి వెంకటేశ్వరమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది గుంటూరు బ్రాడీపేటలో, పిల్లల హాస్టల్‌లో వంటపని చేసుకుంటూ.