బొట్టు పెట్టించుకున్న జ్వరం

ఈ సోమవారం వచ్చిన జ్వరం చెప్పులు గుమ్మం బయట విప్పి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వస్తుంది. నీలం నేత చీర, చేతిలో స్టీలు క్యారియర్. మనిషి పద్ధతైనదే, కాదనను.

మా ఇందుజకి మూడున్నరేళ్ళు. ప్లేస్కూల్లో చేరినప్పటి నుంచి ఇలాంటివాళ్ళు దాని ఆటో వెనకాలే నడుచుకుంటూ వస్తున్నారు. ఒకసారి దగ్గు, ఒకసారి వాంతులు, ఒకసారి ఉత్త ముక్కు కారడం. తెనాలిలో ఇన్ని ఇళ్ళుండగా మా ఇల్లే ఎందుకని అడిగితే, "మీ అమ్మాయి కబుర్లు బాగా చెప్తుందండీ" అంటారు. అది మాత్రం నిజం. మా పిల్ల నోరు విప్పిందంటే ఎంతటివాళ్ళైనా చెవులప్పగించి కూర్చోవాల్సిందే.

ఈవిడ మంచం పక్కకి కుర్చీ లాక్కుని, పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టి కూర్చుంటుంది. అక్కడి నుంచి వేడి గోడ దాకా పాకుతుంది. గోడ మీది క్యాలెండర్లో దేవుడు కండువా తీసి విసురుకుంటాడు. పాప వదిలేసిన ఇడ్లీని ఆవిడ తన క్యారియర్లో సర్దుకుంటుంది.

నేను గోరువెచ్చటి నీళ్ళతో పాప ఒళ్ళు తుడుస్తాను, చెంచాతో సగ్గుబియ్యం జావ పడతాను. డాక్టరు గారు స్టెతస్కోపు ముందు పాపకి, తర్వాత ఆవిడకి పెట్టి చూస్తారు. "బడికెళ్ళే పిల్లలకి మామూలేనమ్మా. నీళ్ళు బాగా పట్టించండి. ఇంకా చాలామంది వస్తారు, ఒక్కొక్కళ్ళనీ ఒళ్ళే నేర్చుకుంటుంది" అంటారు.

పైవాటా కామేశ్వరిగారు మెట్ల మీంచి తొంగిచూస్తారు.

"మళ్ళీనా?"

"మళ్ళీనేనండీ. మీ ఇంటికి పంపించమంటారా?" అంటాను. ఆ తల ఠక్కున వెనక్కి పోతుంది.

నాలుగు రోజులకి జ్వరం లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంది. వంటింట్లోంచి మా అత్తయ్య కుంకుమ భరిణె పట్టుకుని పరుగున వస్తుంది.

"అత్తయ్యా, ఆవిడ జ్వరం!"

"అయితే ఏంటే? ఇంటికొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపిస్తామా?" అని నుదుటి మీద ఇంత బొట్టు పెట్టి, అరటిపండూ రవికెల గుడ్డా చేతిలో పెడుతుంది.

"ఇంత మర్యాద నాకు ఎవరింట్లోనూ జరగలేదు పిన్నిగారూ" అంటూ ఆవిడ కళ్ళొత్తుకుంటుంది. నాకు అప్పుడే అనుమానం వస్తుంది.

పాప రెండు పూటలు బడికి వెళ్ళొస్తుందో లేదో, మళ్ళీ కాలింగ్ బెల్ మోగుతుంది. గుమ్మంలో ఆకుపచ్చ పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, పెద్ద సూట్‌కేసు.

"నేను కొత్త జ్వరాన్నండీ. ఈ ఇంట్లో మర్యాద బాగుంటుందని విని, ఉండిపోదామని వచ్చాను. పాపని బడి మాన్పించెయ్యండి. ఇద్దరం హాయిగా ఇంట్లోనే ఉంటాం."

"అదీ నిజమేనే మంజూషా" అంటుంది అత్తయ్య, గొంతు తగ్గించి. "పిల్ల చిక్కి సగమైంది. మాన్పించేస్తే పోలా?"

ఆ మాట వినగానే పాప బడి సంచి తనంతట తానే గోడ పట్టుకుని పైకెక్కి, చేతికందకుండా అటక మీద కూర్చుంటుంది. నాకు భయం వేస్తుంది. బడి అంటే నా పిల్లకి ప్రాణం. అటక వైపు చూస్తూ పెదవి బిగించుకుంటుంది తప్ప ఏడవదు. అది ఏడ్చినా బాగుండును.

ఇందుజ మంచం దిగుతుంది. ముక్కాలిపీట ఈడ్చుకొచ్చి, ఎక్కి, ఆవిడ నల్లకళ్ళద్దాలు తీసేస్తుంది.

"నువ్వు మొన్నొచ్చిన ఆంటీవి."

"కాదమ్మా. నేను వేరే."

"చీర మార్చావు. బొట్టు మా నాయనమ్మ పెట్టిందే. నాయనమ్మ ఎప్పుడూ వంకరగా పెడుతుంది."

"నేనెప్పుడు వంకరగా పెట్టానే!" అని అత్తయ్య గయ్‌మంటుంది.

పాప పట్టించుకోదు. "నిన్ను నేర్చేసుకున్నా. నీతో ఇంక పన్లేదు. వెళ్ళిపో."

జ్వరం మొహం తెల్లబోతుంది. పట్టుచీర చేతిరుమాలంత అవుతుంది, సూట్‌కేసు అగ్గిపెట్టెంత అవుతుంది. "కొత్తవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా, వాళ్ళ సంగతి నీకు తెలీదు" అంటుంది, ఇంకా ఆశ చావక.

"రానీ" అంటుంది నా కూతురు.

రానీ! విన్నారా ఆ మాట? పెద్ద పెద్దవాళ్ళు అనగలరా? పైవాటా మెట్ల వైపు నేను కావాలనే చూస్తాను. ఎవరి కూతురనుకున్నారు మరి!

పోతూ పోతూ జ్వరం ఆ చిన్న చేత్తోనే నా మోకాలు తాకుతుంది. నేను ఆవిడని నేర్చుకోలేదు. నా కాళ్ళు పొట్టివవుతాయి, గాజులు జారి కింద దొర్లుతాయి, పాప గౌను నాకు సరిపోతుంది. ఇందుజ వంగి, చేతి వెనక వైపుతో నా మెడ తాకి చూస్తుంది. "ఒక్క చెంచా తాగు, నా బంగారం కదూ" అంటుంది, అచ్చం నా గొంతుతో. నేను మారాం చెయ్యకుండా తాగుతాను.

తర్వాత నన్ను భుజాన వేసుకుని, చెయ్యి చాచి అటక మీది సంచి దించుకుని, బడికి బయల్దేరుతుంది. అడుగడుక్కీ ఎత్తు పెరుగుతుంది. కరెంటు తీగలు తలకి తగలకుండా పక్కకి జరుపుతుంది. "దిష్టి తగుల్తుందే, కాస్త వంగి నడు!" అని కింద నుంచి అత్తయ్య అరుస్తుంది. వంగమనకండి అత్తయ్యా, చూడనివ్వండి అందర్నీ!

"మా అమ్మకి ఒంట్లో బాలేదు టీచర్. ఇవాళ నా దగ్గరే ఉంటుంది" అని చెప్పి ఇందుజ తన చోట కూర్చుంటుంది.

దాని వీపుకి చెవి ఆనిస్తాను. దాని ఒంటి లోపల గంట కొడుతున్నారు. పొడుగాటి వరండా నిండా బుల్లి బుల్లి ఇందుజలు వరసగా బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కత్తీ ఒళ్ళో ఒక్కో జ్వరాన్ని కూర్చోబెట్టుకుని, దాని చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దిస్తోంది. చివరి ఇందుజ ఒడి ఒక్కటే ఖాళీగా ఉంది. ఆ ఇందుజ తలెత్తి, "మంజూషా" అని పిలుస్తుంది.

"ఉన్నాను టీచర్" అని నేను చెయ్యెత్తుతాను.