ఖగోళం వరసలో తవిటమ్మ

శనివారం ఉదయం గౌరీశ్వరి గ్రంథాలయం తలుపు తీసేసరికి ఖగోళశాస్త్రం వరస పొడుగైపోయి ఉంది. గురువారం సాయంత్రం తాళం వేసినప్పుడు ఆ రెండు బీరువాల మధ్య సందు మీద ఒకటే ఫ్యాను ఉండేది. శుక్రవారం సెలవు. ఇప్పుడు పద్నాలుగు ఫ్యానులు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి.

పక్కనున్న వంటల వరస, భక్తి వరస, పోటీ పరీక్షల వరస ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖగోళంలోనే పుస్తకానికీ పుస్తకానికీ మధ్య ఎడం పెరిగింది. తలుపు వైపు, చంద్రుడి పుస్తకాల మధ్య ఒక వేలు పడుతుంది. అయిదో ఫ్యాను దగ్గర మనిషి పడుకోవచ్చు. ఆ అవతల పుస్తకాలు ఒరగడానికి పక్కన తోడు లేక ఒంటరిగా నిలబడి ఉన్నాయి.

గౌరీశ్వరి రోజువారీ రిజిస్టరు తీసి, "ఖగోళం, పద్నాలుగు ఫ్యానులు" అని రాస్తుంది. సంతకం పెట్టేలోపు పదిహేనోది వస్తుంది. కొట్టేసి దిద్దుతుంది. ఆమె పనిలో తప్పుండదు. ఆ సంగతి ఊరికి తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు.

ఊడ్చే సన్యాసమ్మ తెల్లవారకుండానే పక్క తలుపు తీసుకుని చీపురుతో ఆ వరసలోకి వెళ్లిందట. ఇప్పుడు బయటికొచ్చి, చెంగుతో మొహం తుడుచుకుంటుంది.

"ఊడిసినకొద్దీ నేల వస్తానే ఉందమ్మా. సివర మీయప్ప ఉన్నాది."

"ఎవరప్ప?"

"ఎవరప్పేటి, మీ తవిటమ్మప్పే. స్టూలు మీద కూకుని రాసుకుంతంది. దగ్గరికెల్తే నేదు. ఇక్కడికొచ్చి సూత్తే ఉన్నాది."

గౌరీశ్వరి కళ్లజోడు సర్దుకుని చూస్తుంది. ఉంది. పదిహేనో ఫ్యాను కింద, ఒక కాలు స్టూలు మీదికి ముడుచుకుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని. అక్క తవిటమ్మ చనిపోయి రెండేళ్లయింది.

"అక్కడ నీలం అట్ట పుస్తకం ఒకటుండాలి. తీసుకురాలేకపోయావా?"

"నన్ను ఊడవమన్నారు గాని తెమ్మన్నారేటి?" అని సన్యాసమ్మ చీపురు దులుపుకుంటుంది. మాట సబబే.

తవిటమ్మ జూట్ మిల్లు మనిషి. ఆమె కంటే ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈమెనైనా దేవుడు ఉంచుతాడని పుట్టగానే చాటెడు తవుడుకి అమ్మినట్టు అమ్మి తిరిగి తెచ్చుకున్నారు. ఆ పేరు అలా వచ్చింది. ఏడో తరగతితో చదువు ఆపేసి, చెల్లెల్ని డిగ్రీ దాకా, ఆ పైన గ్రంథాలయం కోర్సు దాకా తనే చదివించింది. చెల్లెలు ఈ బల్ల ముందు కూర్చున్నాక, షిఫ్టు దిగి జుట్టులో నారపోగులతోనే వచ్చి ఆకాశం పుస్తకాలు పట్టుకెళ్లేది. ఇంకే పుస్తకమూ ముట్టేది కాదు. చదువుతూ అంచుల్లో పెన్సిలుతో రాసేది.

గ్రంథాలయం పుస్తకంలో రాయకూడదు. తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ గౌరీశ్వరి పేజీ పేజీ తిప్పి రబ్బరుతో తుడిచేది. ఆకాశం గురించి ఆమె ఒక్క పుస్తకమూ చదవలేదు. ఆమెకి తెలిసిన ఆకాశమంతా తుడుస్తూ తుడుస్తూ కంటపడిందే.

'సుక్క సచ్చిపోయినాక కూడా ఎలుగు వస్తానే ఉంటాదట. మిల్లు ఆపీసినాక సెవుల్లో సప్పుడున్నట్టు.' తుడిచేసింది. 'దూరంగా ఉన్నదాన్ని సూడ్డమంటే ఎనకటిదాన్ని సూడ్డమేనట.' అదీ తుడిచేసింది. తుడిచాక పొట్టు ఊది, కాగితం మెరుస్తోందో లేదో వెలుతురుకి పట్టి చూసుకునేది కూడా.

చివరికి ఒకనాడు పదిమంది పాఠకుల ముందు, "ఇంకోసారి రాస్తే కార్డు రద్దు చేస్తాను" అంది. అన్నంత పనీ చేసింది. నియమం అని చెప్పుకుంది గాని, అది నియమం కాదు, సిగ్గు. మిల్లు మనిషి బల్లకి ఆనుకుని "ఓలే గౌరీ" అని పిలిస్తే ఆమెకి ప్రాణం చచ్చినట్టుండేది. తవిటమ్మ నవ్వేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తర్వాత దగ్గు మొదలైంది, ఆ తర్వాత ఆసుపత్రి. అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. గౌరీశ్వరి పట్టుకోవడానికి ఆకు కూడా మిగుల్చుకోలేదు. అప్ప చేతిరాత ఇంట్లో ఒక్క చీటీ మీద కూడా లేదు.

ఆ నీలం అట్ట పుస్తకంలో ఉండాలి. అది కార్డు రద్దయ్యేనాటికి తవిటమ్మ దగ్గరే ఉండిపోయింది. ఆమె పోయాక ఆసుపత్రి నుంచి ఎవరో తెచ్చిచ్చారు. విప్పే ధైర్యం లేక గౌరీశ్వరి దాన్ని నేరుగా వరస చివర పెట్టేసింది. రేపు విప్పుదాం, రేపు విప్పుదాం అంటూనే రెండేళ్లు గడిచాయి. ఇప్పుడది పదహారో ఫ్యాను కింద ఉంది. సాయంత్రానికి కంటికి ఆనదు.

ఆమె చెప్పులు విప్పి వరసలోకి నడుస్తుంది.

మొదటి ఫ్యాను కింది నుంచి చూస్తే అప్పకి ముప్పై అయిదేళ్లుంటాయి. జడ నల్లగా, లావుగా ఉంది. నాలుగో ఫ్యాను కిందికి వచ్చేసరికి అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. దగ్గు వినబడదు, కొంగు మాత్రం కదులుతుంది. ఏడో ఫ్యాను దగ్గర జాకెట్టు వదులైంది. ఎనిమిదో దాని దగ్గర మెడ ఎముకలు పైకి తేలాయి. గౌరీశ్వరి ఆగి రెండంగలు వెనక్కి వేస్తుంది. మెడ నిండుతుంది. ఒక అంగ ముందుకి వేస్తే మళ్లీ ఎముకలే.

ఆమెకి విషయం అర్థమవుతుంది, దూరంగా ఉన్నది వెనకటిది. తుడిచిన మాటే అయినా, చదివిన మాటే కదా.

అందుకని అక్కడే నిలబడిపోతుంది. ఆమె నిలబడితే వరస తనంతట తాను సాగుతుంది. పదిహేడు ఫ్యానులు, ఇరవై ఒకటి, ఇరవై ఆరు. దూరం పెరిగినకొద్దీ అప్ప వయసు తగ్గుతుంది. దగ్గు పోయింది. జడ రెండు జడలైంది. ఏడో తరగతి పిల్ల స్టూలు మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. గౌరీశ్వరికి రెండేళ్లలో మొదటిసారి ప్రాణం లేచొచ్చినట్టుంది. కాని అప్ప చింతగింజంత అయింది. నీలం పుస్తకం ఎటుందో ఇక తెలియడం లేదు.

తలుపు దగ్గర్నుంచి సన్యాసమ్మ కేక వేస్తుంది. "పదకొండవుతందమ్మా! పొద్దుటి పూటకి తలుపెయ్యాలి!"

"దగ్గరికెళ్తే అప్ప పోతుంది సన్యాసమ్మా. ఇక్కడే ఉంటే పుస్తకం పోతుంది."

"దూరపు కొండలు నునుపమ్మా. అలాగే సూత్తా కూకుంటే కొండా ఉండదు, నునుపూ ఉండదు."

"మరేం చెయ్యను?"

"నాకేటి తెలుసు, నాను ఊడిసీదాన్ని. నిలబడిపోతే రెండూ పోతాయని మాత్రం సెప్పగలను."

రెండేళ్ల కిందట ఆసుపత్రిలో గౌరీశ్వరి వార్డు గుమ్మం దాకా వెళ్లి, చూడలేక వెనక్కి వచ్చేసింది. పళ్ల సంచీ నర్సు చేతిలో పెట్టి పని ఉందని చెప్పింది. పనేమీ లేదు. ఈసారి ఆమె కళ్లు తిప్పుకోకుండా నడుస్తుంది.

పదో ఫ్యాను కింద రెండు జడలు ఒక జడ అవుతాయి. పదిహేనో ఫ్యాను కింద కొంగు నోటికి వస్తుంది. పద్దెనిమిదో దాని కింద స్టూలు ఇనప మంచమైంది. గౌరీశ్వరి అంగలు పెద్దవి చెయ్యదు, చిన్నవి చెయ్యదు. ఇరవయ్యో ఫ్యాను కింద జుట్టు లేదు, తలకి తువ్వాలు చుట్టి ఉంది. ఇరవై మూడో ఫ్యాను కింద అప్ప పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని, పెన్సిలు మొన నాలుకకి తడి చేసుకుని చాలాసేపు రాస్తుంది. రాసి, పుస్తకం మూసి, తలెత్తి తలుపు వైపు చూస్తుంది. ఎవరైనా వస్తారేమోనని చూసే చూపు అది. గౌరీశ్వరి "వస్తున్నానప్పా" అంటుంది. ఆ మాట అక్కడికి చేరడానికి రెండేళ్లు ఆలస్యమైంది.

తర్వాతి అంగలో మంచం ఖాళీ.

మిగిలిన దూరం ఆమె ఖాళీ మంచం వైపే నడుస్తుంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. బీరువాలో ఎదురుగా నీలం అట్ట పుస్తకం, దాని చుట్టూ కనుచూపు మేర ఇంకేమీ లేదు. వెనక్కి తిరిగితే తలుపు కనబడదు, ఫ్యానులే. ఆమె మంచం మీద కూర్చుని పుస్తకం విప్పుతుంది.

పేజీల మధ్య నారపోగులున్నాయి. ప్రతి అంచూ పెన్సిలు రాతతో నిండి ఉంది. గురుగ్రహం గురించి, మిల్లు గురించి, ఆసుపత్రి సాంబారు గురించి. ఆఖరి పేజీలో అచ్చు ఏమీ లేదు. ఈ నాలుగు ముక్కలే ఉన్నాయి.

'ఓలే గౌరీ. ఇది కూడా తుడిసేత్తావని నాకు తెలుసు. తుడిసీ. నువ్వు తుడిసినప్పుడు ఎడం సెయ్యి కాయితం మీద గట్టిగా ఆనిత్తావు. నీ బల్లకెదురు బెంచీ మీద కూకుని రోజూ సూసీదాన్ని. ఉజ్జోగం వచ్చినాక నా సెయ్యి ముట్టుకోడం మానీసినావు కదా. ఆ సెయ్యి కోసవే ఇన్నాళ్లూ రాసినాను.'

నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కింద పన్నెండేళ్లు కూర్చున్న మనిషి గొంతెత్తి ఏడుస్తుంది. ఆపేవాళ్లు లేరు కాబట్టి, ఎంతసేపు ఏడవాలో అంతసేపూ ఏడుస్తుంది.

తర్వాత ఎడమ చెయ్యి కాగితం మీద ఆనిస్తుంది. కాగితం కుండలో నీళ్లలా చల్లగా ఉంది. చెయ్యి మణికట్టు దాకా లోపలికి దిగుతుంది. ఆమె వంగి, అట్ట వెనక వేళ్లేమైనా బయటికొచ్చాయా అని చూస్తుంది. రాలేదు.

అవతల ఎవరో ఆ చేతిని వెల్లకిలా తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే సాపు చేస్తారు. అరచేతి మీద తడి మొన ఒకటి ఆనుతుంది. ఎడమ నుంచి కుడికి కదులుతుంది, వరస మారుతుంది, మళ్లీ ఎడమ నుంచి మొదలవుతుంది. ఏం రాస్తున్నారో చూడాలంటే చెయ్యి బయటికి తియ్యాలి. గౌరీశ్వరి తియ్యదు.

అరచెయ్యి నిండుతుంది. వేళ్లు కూడా నిండుతాయి. మొన చోటు కోసం వెతుక్కుంటూ మణికట్టు దగ్గర ఆగుతుంది. గౌరీశ్వరి గాజులు మోచేతి పైకి తోసుకుని, జాకెట్టు చెయ్యి భుజం దాకా మడిచి, చేతిని ఇంకాస్త లోపలికి జరుపుతుంది.