మేనేజరు చెవిలో హాలు

చూపు లేని మనిషికి మైకెందుకని మా మేనేజరు అడిగిన రోజే నాకు ఒళ్ళు మండింది. గొంతుకూ కంటికీ ఏం సంబంధమండీ? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం కాకపోతే! బస్టాండులో నిలబడ్డ అంతమందికీ ఏ బండి ఎక్కడి నుంచి బయల్దేరుతుందో చెప్పడానికి కావలసింది నోరు. అది నాకు పుట్టుకతోనే కాస్త ఎక్కువ. మా వదిన నన్ను వాగుడుకాయ అని ఊరికే అనదు.

మూడు నెలలు తాత్కాలికంగా పనిచేశాక ఆఖరి రోజు పరీక్ష పెట్టారు.

"పన్నెండు నుంచి ఒంటిగంట దాకా రద్దీ. ఆ గంటలో ఒక్క బండి కూడా చెప్పకుండా పోకూడదు. నేను కింద హాల్లో నిలబడి వింటాను. సాయం కోసం బెల్ నొక్కావో, ఇక ఇంటికే" అన్నాడు మేనేజరు.

నెగ్గితే ఉద్యోగం ఖాయం. ఓడితే మళ్ళీ అన్నయ్య వాళ్ళింట్లో కూర్చుని పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకోవడమే. పిల్లలు బంగారాలే, కాదనను. కానీ నాకంటూ ఒక కుర్చీ కావాలి. పొద్దున్నే తయారై వెళ్ళే చోటు ఒకటి కావాలి. ఆ కుర్చీ పోతుందేమోనని ముందురోజు నుంచీ నాకు అన్నం సయించలేదు.

నా గది హాలుకు ఓ మూల, ఎనిమిది మెట్ల ఎత్తులో ఉంటుంది. చుట్టూ అద్దాలట. ఉంటే ఉండనీ. ఎడమ చేతి దగ్గర మైకు, ముందు కీబోర్డు, వెనక గరగరమనే ఫ్యాను, బల్ల కింద మోకాలికి తగిలే బెల్. మౌస్‌ను మాత్రం చేరిన రోజే తోక పట్టుకుని సొరుగులో పడేశాను.

తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే గొంతు ఒకటి నా హెడ్‌ఫోన్‌లోకి వస్తుంది. మీట నొక్కితే ఆ అక్షరం కూడా చెబుతుంది. నేను మైకులో మాట్లాడింది అదే కంప్యూటరు గుండా హాలు స్పీకర్లకు పోతుంది. ఏ ధ్వని ఎటు పోవాలో చూసేది సౌండ్ సర్వర్ అని లోపల ఉండే ఓ ప్రోగ్రాం. ఉమ్మడి కుటుంబంలో వడ్డించే పెద్దకోడలనుకోండి, ఎవరి కంచంలో ఏది పడాలో ఆవిడ ఇష్టం. చూపున్నవాళ్ళు ఆవిడతో బొమ్మల మీద నొక్కి పని చేయించుకుంటారు. నేను ఉత్త నల్ల తెర తెరిచి, ఒక్క లైను ఆజ్ఞ టైపు చేసి, ఎంటర్ కొడతాను. ఇదంతా మా వదిన చలవే. ఆవిడకు కంప్యూటర్లు బాగుచేసే షాపుంది.

"చూసేవాళ్ళకు ఎలుక కావాలే. నీకెందుకు? మీటలు చాలు" అంటూ ఆరు నెలలు తిట్టి మరీ నేర్పింది. ఆ తిట్లన్నీ ఆశీర్వాదాలే అనుకుంటాను ఇప్పుడు.

పరీక్ష మొదలైంది. మొదటి నాలుగు బళ్ళూ నల్లేరు మీద బండి నడకలా సాగిపోయాయి. పన్నెండుంబావుకు కంట్రోల్ రూం నుంచి ఫోను: పదకొండో నంబరు బండి నాలుగో ప్లాట్‌ఫాం మీదికి రావడం లేదు, ఏడు మీదికి వస్తోంది, ఇరవై ఐదుకు బయల్దేరుతుంది. మరిచిపోకుండా ఆ ముక్క తెలుగులో టైపు చేసి పెట్టుకున్నాను. అది నాకు తిరిగి చదివి వినిపిస్తూ హెడ్‌ఫోన్‌లో గొంతు సగం మాట దగ్గర ఆగిపోయింది.

ఏమైందో తర్వాత చూద్దామని మైకు ఆన్ చేసి చెప్పేశాను. మామూలుగా నా గొంతు హాలు చివరి గోడను తాకి, ఒక క్షణం తర్వాత నా దగ్గరికి తిరిగొస్తుంది. ఈసారి రాలేదు.

మెట్ల కింద నుంచి టికెట్లక్క కేక వేసింది. టికెట్ కౌంటరులో కూర్చునే ఆవిడ, బస్టాండులో నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి.

"అమ్మాయ్! స్పీకర్లో ఏమీ రాలేదే! జనమంతా నాలుగు దగ్గరే నిలబడ్డారు!"

"చూస్తున్నానక్కా!" అన్నాను. చూడటమంటే నాకు వినడమే, వినడానికేమో ఏమీ లేదు.

ధ్వనిని హాలుకు మళ్ళించడానికి ఓ పొట్టి ఆజ్ఞ ముందే రాసి పెట్టుకున్నాను. ఇంగ్లీషులో హాల్ అని నాలుగు మీటలు, అంతే. నల్ల తెర తెరిచి కొట్టాను. ఎంటర్. మైకులో "హలో" అన్నాను. గోడ పలకలేదు. మళ్ళీ కొట్టాను. ఊహూఁ. మూడోసారీ అంతే. మోకాలు బెల్ వైపు జరిగింది. దాన్ని చేత్తో వెనక్కి లాక్కున్నాను. ఏడుపొచ్చింది, ఏడవలేదు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. మేనేజరు! నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏమ్మా, ఏమిటీ గోల? ఏడో ప్లాట్‌ఫాం అని నువ్వు చెప్పింది చక్కగా వినపడింది. ఆ తర్వాత ఎవరో ఆడమనిషి దడదడా అక్షరాలు వల్లిస్తోంది. 'ప' అంటుంది, 'ఓత్వం' అంటుంది, 'త' అంటుంది, మళ్ళీ 'త' అంటుంది. ఆనక అలాంటి ఆజ్ఞ లేదంటుంది!"

హాల్లో ఎవరికీ వినపడనిది ఈయనకెలా వినపడింది?

"సార్, చెవిలో ఏమైనా పెట్టుకున్నారా?"

"ఇయర్‌బడ్స్. పై ఆఫీసు నుంచి ఫోనొస్తుందని ఇందాకే పెట్టుకున్నా. అయితే?"

"వాటినెప్పుడైనా ఈ కంప్యూటరుకు కలిపారా?"



"పోయిన వారం... నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు... మ్యాచ్ కామెంటరీ..." అని నసిగాడు.

అదండీ సంగతి! వైరు లేని ఆ బడ్స్ ఒకసారి కలిపితే చాలు, మళ్ళీ చెవిలో పెట్టగానే వాటంతటవే కలుస్తాయి. కొత్త అతిథి గుమ్మంలో కనపడగానే పెద్దకోడలు ఇంటిల్లిపాది వంటా తీసుకెళ్ళి ఆయన కంచంలోనే పోసేసింది. హాలుకు పోవలసిందీ, నాకు రావలసిందీ అంతా ఆయన చెవిలోకే పోతోంది. ఆ 'ప', 'ఓత్వం', 'త', 'త' ఏమిటో కూడా తెలిసిపోయింది. ఇందాక తెలుగులో రాసుకున్న తర్వాత కీబోర్డును ఇంగ్లీషుకు మార్చలేదు, హాల్ కోసం కొట్టిన నాలుగు మీటలూ తెలుగు అక్షరాలై పడ్డాయి. ఆ తప్పు మాత్రం అచ్చంగా నాదే.

"తీసేస్తా ఉండు" అన్నాడు.

"తీయకండి!" అని అరిచాను. మేనేజరు మీద అరిచానని తర్వాత గుర్తొచ్చింది. "తీస్తే ధ్వని ఎటు పోతుందో తెలీదు సార్. పోయినసారి ఇలాగే ఒకటి ఊడితే ఈ తెరకున్న స్పీకర్లోకి పోయింది, అది పాడై ఏడాదైంది. ఇప్పుడు దీని మాట వినే చెవి మీదొక్కటే. కదలకుండా నిలబడి, విన్నది విన్నట్టు చెప్పండి."

"నేనా?"

"మీరే సార్. బండికి ఆరు నిమిషాలే ఉంది."

కీబోర్డు మార్చి నా పొట్టి ఆజ్ఞ కొట్టాను.

"ఇంకా నా చెవిలోనే మాట్లాడుతోంది" అన్నాడు. నిజమే, ఆ ఆజ్ఞ కొత్తగా పుట్టే ధ్వనులకే. ఇప్పటికే అతిథి కంచంలో పడ్డవాటిని ఒక్కొక్కటీ నంబరు పెట్టి బయటికి తియ్యాలి. నడుస్తున్న ధ్వనుల జాబితా అడిగాను.

"ఏదో చెప్పింది. అర్థం కాలేదు. ఇంత వేగమేమిటమ్మా, రైలింజనులా!"

నాకు అలవాటైన వేగం అది. ఆయన కోసం నాలుగు మెట్లు తగ్గించి, చంటిపిల్లకు చెప్పినట్టు మళ్ళీ చదివించాను.

"ఎనభై ఒకటి, మైకు" అన్నాడు మేనేజరు, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. "తొంభై రెండు, తెర చదివే గొంతు."

"ఖాయమేనా? తారుమారైతే కంప్యూటరు సణుగుడంతా హాల్లో మోగుతుంది. పరువు పోయేది ఇద్దరిదీ."

"ఎనభై ఒకటే మైకు. ఒట్టు!"

ఎనభై ఒకటిని హాలుకు పంపమని కొట్టాను. ప్రతి మీటనూ ఆయన పైకి చెబుతూనే ఉన్నాడు, నేను ఆపమనలేదు. ఎంటర్ కొట్టి, మైకు దగ్గరికి వంగాను.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పదకొండో నంబరు బండి ఏడో ప్లాట్‌ఫాం నుంచి బయల్దేరుతుంది."

హాలు చివరి గోడ నా మాటను నాకు తిరిగి ఇచ్చింది.

ఆ వెంటనే కింద అడుగుల చప్పుడు, పెట్టెల చక్రాల చప్పుడు, "ఏడంట, ఏడంట, పదండి!" అనే కేకలు. అంతా ఎడమ నుంచి కుడికి జరిగిపోయింది. అంతమందిని నా నోటితో కదిలించాను. "శెభాష్ రా నా తల్లీ!" అని టికెట్లక్క కౌంటరు దగ్గర్నుంచే చప్పట్లు కొట్టింది. ఎగిరి గంతేద్దామనిపించింది కానీ, ఇంకో ధ్వని ఇంటికి రావాలి. తొంభై రెండును నా హెడ్‌ఫోన్‌కు తెచ్చుకున్నాను.

"ఆవిడ వెళ్ళిపోయిందమ్మా" అన్నాడు మేనేజరు. గొంతులో కాస్త బెంగ కూడా ఉంది.

తర్వాత అడిగాడు: "బెల్ నొక్కలేదు కదూ?"

"లేదు సార్. మీరే వచ్చారు."

ఆయన జేబు గలగలమంది. కాగితం విప్పిన చప్పుడు. ఆ వెంటనే చింపిన చప్పుడు, నిలువునా, మళ్ళీ అడ్డంగా.

"అదేంటి సార్?"

"పొద్దున్నే రాసుకొచ్చాను. పనికిరాదని."

పరీక్ష పెట్టక ముందే ఫలితం రాసుకొచ్చాడు మహానుభావుడు! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటిదాకా వచ్చిన మాటను ఎలా మింగానో ఆ దేవుడికే తెలియాలి.

"తప్పే" అన్నాడు, నేనేమీ అనకుండానే. "ఓ తెల్ల కాగితం ఇవ్వు."

ప్రింటరులోంచి ఒకటి లాగి ఇచ్చాను. బల్ల మీద పెన్ను కదిలింది. అప్పుడొకటి జరిగింది. నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. రాసే ప్రతి మాటా ఆయన నాకు పైకి చదివి వినిపించసాగాడు.

"ఈమెను... నేటి నుంచి... ప్రకటనల విభాగంలో... ఖాయం... చేయడమైనది..."

చంటిపిల్లకు చెప్పినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి చదువుతున్నాడు. నా కళ్ళు తడిశాయి. అవి ఆ పనికైనా పనికొస్తాయి. ముక్కు తుడుచుకుని మైకు మీద చెయ్యి వేశాను.

"కాస్త వేగంగా చదవండి సార్. పన్నెండున్నర బండి చెప్పాలి."