నేల మీద వేగం

"సాయంత్రం నాలుగింటికి ఎవురూ నా గదిలోకి రావొద్దు," అంది కిరణ్మయి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. "ఆఫీసు నించి ఫోనొస్తాది. నా టాక్సీ స్పీడు ఎక్కువైందని మాట్లాడతారంట."

"టాక్సీ ఏటే? నువ్వు తోలీది విమానం కదా?" అంది తల్లి దాలమ్మ వంటింట్లోంచి.

"దిగినాక, జనాన్ని దింపీ చోటు దాకా నేల మీద చక్రాలతో పోతాది కదమ్మా. దాన్నే టాక్సీ అంటారు. గంటకి యాభై అయిదు కిలోమీటర్లు దాటకూడదు. నేను డెబ్భై పోయినాను."

"డెబ్భై అని ఎవులు సెప్పినారు?" అన్నాడు తండ్రి నూకయ్య, కుర్చీలోంచి లేచి.

"విమానంలో రికార్డరుంటాది నాన్నా. ప్రతి ట్రిప్పూ రాసుకుంటాది. ఆఫీసులో కంప్యూటరు దాన్ని జల్లెడ పట్టి, గీత దాటినోళ్లని పట్టీస్తాది," అని చెప్పి కూతురు స్నానానికి వెళ్లిపోయింది. ప్రయాణం బడలిక తప్ప ఆ పిల్ల మొహంలో ఇంకేమీ కనిపించలేదు.

నూకయ్యకి మాత్రం రికార్డరన్న ఒక్క మాట చాలు. ఆయన రిటైరైన రైలు డ్రైవరు. ఇంజనులోనూ అలాంటి పెట్టె ఒకటి ఉండేది. పట్టాలు బాగుచేస్తున్న చోట కాస్త జోరుగా పోయాడని ఒకసారి ఆ పెట్టె ఆయన్ని పట్టిచ్చింది. చార్జిషీటొచ్చింది. మెయిలు బళ్లు నడిపినవాణ్ణి యార్డులో ఖాళీ పెట్టెలు తోసుకోమన్నారు. అది రైలు, ఇది విమానం. పిల్ల కెప్టెనై నిండా ఏడాది కాలేదు. పదవి లాగేస్తే? అసలు ఇంటికే పంపేస్తే?

ఆయన స్కూటరు తీశాడు. ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో ఆటోల మధ్య నుంచి దూరుకుంటూ పోయి సమూయేలు ఇంటి ముందు ఆగాడు.

సమూయేలు ఒకప్పటి యూనియన్ నాయకుడు. ఖరగ్‌పూర్ రైల్వేలో తెలుగువాడికి చార్జిషీటొచ్చిందంటే జవాబు ఆయన నోట్లోంచి రావలసిందే. కునుకు తీస్తున్న మనిషి, "రికార్డరు పట్టీసిందిరా" అన్న మాట వినగానే లేచి చొక్కా తొడుక్కున్నాడు. చాలా కాలానికి దొరికిన కేసు.

"సూడు గుంటా," అన్నాడు నూకయ్య ఇంటికొచ్చి, కిరణ్మయి ఎదురుగా కుర్చీ లాక్కుని. "ముందర ఏదీ ఒప్పుకోకు. మీటరు పాడైనాదని సెప్పు. మీ అయ్యని అలాగే కాపాడినాను."

"ఏటి కాపాడినావు మామా? యార్డులో పడీసినారు కదా?"

"ఉజ్జోగం మిగిలినాదా నేదా?"

"నా మీటరు బాగానే ఉన్నాది."

"పోనీ, టవరోడు బేగి కదలమన్నాడని సెప్పు."

"ఆళ్ల మాటలూ రికార్డవుతాయి మామా."

"ఎదవ కాలం, అన్నీ రికార్డే!" సమూయేలు గడ్డం గోక్కున్నాడు. "అయితే గుర్తు నేదని సెప్పు. గుర్తుకి రికార్డరు నేదు కదా?"

నూకయ్య కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఒక్క ముక్క సెప్పీ అమ్మా. గుర్తు నేదను, సాలు. నీకు దణ్ణమెడతాను."

కిరణ్మయి తండ్రి వైపు చూసి ఏదో అనబోయింది. ఫోను మోగింది. గదిలోకెళ్లి తలుపు మూసుకుంది.

పెద్దమనుషులిద్దరూ తలుపుకి చెవులు ఆనించారు. "సిగ్గు నేదేటి?" అని గుసగుసగా తిట్టి, దాలమ్మ కూడా వచ్చి వాళ్ల పక్కన నిలబడింది.

లోపల హిందీలో మాటలు. "అవును సార్, నేనే నడిపాను. గుర్తుంది."

సమూయేలు కళ్లు మూసుకున్నాడు.

"తప్పు నాదే సార్. ఆ రోజు లాండింగ్ భలేగా కుదిరింది. చక్రాలు తగిలినట్టే తెలీలేదు. కోపైలట్ శభాష్ అన్నాడు. ఆ మురిపెంలో పడి స్పీడు చూసుకోలేదు."

"ఒప్పీసుకున్నాదిరా," అన్నాడు సమూయేలు నీరసంగా. "మురిసిపోనానని కూడా సెప్పీసినాది. ఇంక దేవుడు కూడా జవాబు రాయనేడు."

నూకయ్య చెవి ఇంకా గట్టిగా ఆనించాడు. కాసేపటికి, "అక్కడేనా సార్?" అని వినిపించింది. తర్వాత కిరణ్మయి నవ్వు. ఆ నవ్వు ఎటు తిరుగుతుందో నూకయ్యకి అర్థం కాలేదు. భయంలోనూ మనిషి నవ్వుతాడని ఆయనకి తెలుసు.

తలుపు తెరుచుకుంది. ముగ్గురూ తూలిపడబోయారు.

"ఏటన్నాడే?"

"థాంక్స్ అన్నారు నాన్నా."

"థాంక్సా? ఎందుకు?"

"ఆ చోట చాలామంది కెప్టెన్లు గీత దాటుతున్నారంట. అక్కడ నేల కొంచెం పల్లం, లోపల జనం తక్కువుంటే విమానం తేలికై దానంతటదే పరిగెడతాది. అడిగితే అందరూ గుర్తు లేదనీవోళ్లేనంట. దిగిపోయినాం కదా అని మనసు వదులైపోతాదని నేనొక్కద్దాన్నే సెప్పినాను. ఆ చోటు గురించి ఇప్పుడు పైలట్లందరికీ హెచ్చరిక పంపుతారంట."

"మరి నీ పేరు?"

"ఫోన్ చేసినాయనకి తప్ప ఎవరికీ తెలీదు. ఆయనా పైలటే. ఇక మీదట మీటరు మీద కన్నుంచమ్మా అన్నారు."

"అంతేనా?"

"అంతే."

నూకయ్య గుమ్మంలోనే చతికిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. గుండెల మీంచి గూడ్సు బండి దిగిపోయినట్టయింది.

"ఇలాటి ఆపీసర్లు మనకీ ఉండుంటే నూకయ్యా," అన్నాడు సమూయేలు, "నాను యూనియన్లో గోళ్లు గిల్లుకుంటా కూకుందును."

"బెంగ పడకు అన్నా, టీ తాగీసి ఎల్లు," అంది దాలమ్మ.

నూకయ్య తలెత్తాడు. "కిరణూ, చక్రాలు తగిలినట్టే తెలీనేదన్నావు. నిజమేనేటి?"

పిల్ల మొహం వెలిగిపోయింది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"సూడు నాన్నా," అని బల్ల ముందు కూర్చుంది. అరచెయ్యి చాపి గాలిలోకి ఎత్తింది. మెల్లగా దింపడం మొదలుపెట్టింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి వంగి చూశారు.

ఆ చెయ్యి బల్లని ఎప్పుడు తాకిందో ఎవరికీ తెలియలేదు.